నొక్కితే దుంకాలె!

డబ్బా టీవీల కాలం నాటి ఆటలు ఇప్పుడు ఫోన్లో, ల్యాప్‌టాప్‌లో, టీవీ వెనక గుచ్చే చిన్న స్టిక్కులో దొరుకుతున్నాయి. బొమ్మ అదే, పాట అదే. చేతికి మాత్రం ఏదో తేడా తెలుస్తోంది. బటన్‌కూ బొమ్మకూ నడుమ జారిపోతున్న ఆ పదో వంతు సెకను ఎటు పోతోంది? దాన్ని రాబట్టడానికి ఎవరెవరు ఏం చేశారు? మన ఇంట్లో మనం ఏం చేసుకోవచ్చు?

వేసవి సెలవులు, మిట్టమధ్యాహ్నం. తెలంగాణలోని కాటారం ఎండలకు పిల్లల్ని గడప దాటనివ్వరు. ఆన్‌లైన్‌లో తెప్పించిన గేమ్ స్టిక్కు టీవీ వెనక చేరుతుంది. వేల ఆటల జాబితాలోంచి మారియో బయటికొస్తాడు. ఆ సంగీతం చెవిన పడగానే మంచం మీద నడుం వాల్చిన నాన్న లేచి కూర్చుంటాడు. "ఇటియ్యి, నేను సూపిస్త" అంటూ రిమోట్ అందుకుంటాడు. ఒకప్పుడు చూడకుండా దాటేసిన మొదటి గుంతలోనే పడతాడు.

"నొక్కిన! వాడే దుంకలే!"

"నువ్వే లేటుగ నొక్కినవ్ నాన్నా!"

ఇలాంటి పంచాయతీ ఏ ఇంట్లో జరిగినా తీర్పు చెప్పే ముందు కాస్త ఆగాలి. అలవాటు తప్పడం కొంత కారణం కావచ్చు. కానీ నాన్న చిన్నప్పుడు ఆడిన యంత్రం వేరు, ఇప్పుడు చేతిలో ఉన్నది వేరు. ఇది ఆ పాత యంత్రం కాదు, దాన్ని సాఫ్ట్‌వేర్‌తో అనుకరించే ఎమ్యులేటర్. అది నడిచేది కొత్త చిప్పు మీద, బొమ్మ చూపించేది కొత్త టీవీలో. నొక్కిన క్షణానికీ దాని ఫలితం తెర మీద కనిపించే క్షణానికీ మధ్య ఉండే వ్యవధిని ఇన్‌పుట్ ల్యాగ్ అంటారు. నెట్ సరిగ్గా లేక ఆట ఆగి ఆగి నడవడం వేరే జబ్బు. ఇన్‌పుట్ ల్యాగ్ ఉన్నప్పుడు ఆట సాఫీగానే సాగుతుంది, చేతికి మాత్రం ఎప్పుడూ ఒక అడుగు వెనక ఉంటుంది.

ఇటుకన్నర దూరం

ఈ ఆలస్యం ఎంత చేటు చేస్తుందో మారియోతోనే లెక్క వేయొచ్చు. తెర మీద సెకనుకు దాదాపు 60 చిత్రాలు వస్తాయి. ఒక్కో చిత్రం ఒక ఫ్రేము, దాని ఆయుష్షు సుమారు 16.7 మిల్లీసెకన్లు. 1985 నాటి 'సూపర్ మారియో బ్రదర్స్'లో పూర్తి వేగంతో పరుగెత్తే మారియో ఒక్కో ఫ్రేముకు రెండున్నర పిక్సెళ్లు కదులుతాడు. ఆటలో ఒక ఇటుక వెడల్పు 16 పిక్సెళ్లు. మీ ఇంట్లో మొత్తం ఆలస్యం 150 మిల్లీసెకన్లు అనుకుందాం, అంటే 9 ఫ్రేములు. ఆ 9 ఫ్రేముల్లో మారియో 22 పిక్సెళ్లు దాటి, దాదాపు ఇటుకన్నర ముందుకు వెళ్లిపోతాడు. గుంత అంచున ఉన్నాడని మీరు చూసి నొక్కేసరికి యంత్రం లెక్కలో వాడు అప్పటికే గాల్లో ఉన్నాడు. ఆలస్యాన్ని 50 మిల్లీసెకన్లకు తగ్గిస్తే అదే తేడా అర ఇటుకకు దిగొస్తుంది.

కంటికి కనిపించిన దానికి చెయ్యి స్పందించడానికే మనిషికి 200 మిల్లీసెకన్ల పైన పడుతుంది కదా, ఇందులో 50 తగ్గితే ఎంత, పెరిగితే ఎంత అని అడగొచ్చు. దెబ్బంతా ఇక్కడే ఉంది. ఆటలో ఆరితేరినవాడు చూసి నొక్కడు, ముందే లెక్కగట్టి నొక్కుతాడు. గుంత ఎక్కడుందో, అక్కడికి ఎప్పుడు చేరతాడో చేతివేళ్లకు తెలిసిపోయి ఉంటుంది. ఆ లయ ఒక నిర్దిష్టమైన ఆలస్యానికి అలవాటు పడింది. ఆలస్యం మారిందంటే లయ తప్పుతుంది. పిల్లలు మొదటి నుంచీ ఈ స్టిక్కుతోనే ఆడారు కాబట్టి దాని ఆలస్యాన్ని కలుపుకునే నొక్కడం నేర్చుకున్నారు. నాన్న వేళ్లలో ఉన్నది 30 ఏళ్ల కిందటి లెక్క.

డబ్బా టీవీకి దాచుకోవడం తెలియదు

నింటెండో తన ఫ్యామికామ్ యంత్రాన్ని జపాన్‌లో 1983 జులైలో విడుదల చేసింది. 1990లలో మన ఊళ్లకు వచ్చినవి ఎక్కువగా దాని నకళ్లు. 'మీడియా', 'లిటిల్ మాస్టర్' లాంటి పేర్లతో అమ్ముడుపోయేవి. పైన దూర్చే ప్లాస్టిక్ డబ్బాను మనం కేసెట్ అనేవాళ్లం. మారియో, కాంట్రా, బాతుల వేట – ఒకే కేసెట్‌లో లక్షల ఆటలున్నాయని రాసి, అవే పదో ఇరవయ్యో ఆటల్ని తిప్పి తిప్పి చూపించిన మాయ కూడా ఆ రోజుల్లోదే.

ఆ యంత్రంలో ఉన్నది సెకనుకు సుమారు 17.9 లక్షల టిక్కుల వేగంతో నడిచే ప్రాసెసర్, 2 కిలోబైట్ల మెమరీ. ఇప్పటి ఫోన్ల ముందు అది లెక్కలోకే రాదు. కానీ బటన్‌కు బదులివ్వడంలో దానికి సాటి లేదు. విండోస్, ఆండ్రాయిడ్ లాంటి దళారీ మధ్యలో లేడు. రిమోట్ నుంచి వైరు తిన్నగా యంత్రంలోకి వెళ్తుంది. రిమోట్ లోపల ఉన్నది 8 బటన్ల స్థితిని వరసగా చెప్పే ఒక చిన్న చిప్పు మాత్రమే. ప్రతి ఫ్రేముకూ ఆట దాన్ని అడుగుతుంది, అది చెబుతుంది, అంతే. బొమ్మ కూడా ముందే తయారై ఎక్కడో నిలవ ఉండదు. ఒక్కో గీత తయారవుతుంటేనే టీవీకి పోతుంది. డబ్బా టీవీ దాన్ని దాచుకోకుండా అదే క్షణంలో ఎలక్ట్రాన్ కిరణంతో గాజు మీద గీసేస్తుంది.

1977 నాటి అటారీ 2600 ఈ విద్యలో ఇంకో మెట్టు పైన ఉంటుంది. దాని మెమరీ మొత్తం 128 బైట్లు. ఒక పూర్తి బొమ్మను దాచుకునే చోటే లేదు కాబట్టి కిరణం తెర మీద పరుగెడుతుంటే ప్రోగ్రాం దాని కన్నా ఒక అడుగు ముందుండి ప్రతి గీతకూ రంగులు అందించాల్సి వచ్చేది. పేదరికం నేర్పిన ఆ వేగం తరవాతి తరాలకు అందలేదు. ఇంజినీరు డాన్ లూ 2017లో పాత, కొత్త కంప్యూటర్లలో కీ నొక్కాక అక్షరం తెర మీదకు రావడానికి పట్టే సమయాన్ని కొలిచాడు. 1983 నాటి ఆపిల్ 2ఈ 30 మిల్లీసెకన్లతో ముందు నిలిచింది. దాని కన్నా వేల రెట్లు శక్తి ఉన్న కొత్త కంప్యూటర్లు చాలా వరకు దాని వెనకే ఉండిపోయాయి.

బాతుల వేట సంగతి ఇంకా తమాషాగా ఉంటుంది. బాతుల్ని కాల్చడానికి ఇచ్చే ప్లాస్టిక్ తుపాకీలోంచి ఏమీ బయటికి పోదు. ట్రిగ్గర్ నొక్కగానే తెర ఒక్క ఫ్రేముపాటు నల్లబడుతుంది, వెంటనే బాతు ఉన్న చోట తెల్లని చదరం మెరుస్తుంది. ఆ వెలుగు తుపాకీ గొట్టంలోని కన్నుకు సరిగ్గా అనుకున్న సమయంలో అందితేనే బాతు పడుతుంది. ఎల్‌ఈడీ టీవీలో ఆ చదరం కొన్ని ఫ్రేములు ఆలస్యంగా వస్తుంది. పైగా డబ్బా టీవీ కిరణం పుట్టించే మినుకు మాత్రమే గుర్తుపట్టేలా ఆ కన్నును తయారుచేశారు. అందుకే అసలు తుపాకీ, అసలు కేసెట్ చేతిలో ఉన్నా కొత్త టీవీ ముందు ఒక్క బాతు కూడా రాలదు.

ఇంకో మాట కూడా ఇక్కడే చెప్పుకోవాలి. జపాన్, అమెరికా టీవీలది సెకనుకు 60 లెక్క. మన దూరదర్శన్ పాటించిన పాల్ పద్ధతిలో సెకనుకు 50. ఆ 50కి తగ్గట్టు నడిచిన నకలు యంత్రాల మీద ఆట ఆరో వంతు నెమ్మదిగా సాగేది. అందుకే ఎమ్యులేటర్‌లో ఆడుతూ 'అప్పట్లో ఇంత స్పీడుగ లేకుండె' అనిపిస్తే అది జ్ఞాపకశక్తి లోపం కాకపోవచ్చు. రష్యాలో 1992లో వచ్చిన డెండీ అనే నకలు యంత్రం ఊరూరా అమ్ముడుపోయింది. మెసెన్, ఎఫ్‌సీఈయూఎక్స్ లాంటి ఎమ్యులేటర్లలో రీజియన్ దగ్గర 'డెండీ' అన్న పేరే పెట్టారు. దాన్ని ఎంచుకుంటే ఆ 50 ఫ్రేముల నడక తిరిగొస్తుంది.

పోయిన బస్సు, రావాల్సిన బస్సు

ఇప్పుడు బటన్ నొక్కు ప్రయాణాన్ని కాటారం చౌరస్తాలో నిలబడి చూద్దాం. మహదేవపూర్ వైపు ప్రతి 16.7 మిల్లీసెకన్లకు ఒక బస్సు బయల్దేరుతుందనుకోండి. బస్సు అంటే ఫ్రేము. మీ నొక్కు ప్రయాణికుడు. క్షణం ముందొస్తే ఎక్కేస్తాడు, క్షణం ఆలస్యమైతే తరవాతి బస్సు దాకా నిలబడాల్సిందే. ఆలస్యాన్ని గేమర్లు ఫ్రేముల్లో చెప్పుకునేది ఇందుకే.

ప్రయాణికుడు చౌరస్తాకు రావడంలోనే మొదటి ఆలస్యం ఉంది. చాలా యూఎస్‌బీ రిమోట్లను కంప్యూటర్ సెకనుకు 125 సార్లు, అంటే 8 మిల్లీసెకన్లకు ఒకసారి మాత్రమే పలకరిస్తుంది. సెకనుకు 1000 సార్లు పలకరిస్తే అది 1 మిల్లీసెకనుకు తగ్గుతుంది. స్టిక్కుతో పాటు వచ్చే వైర్‌లెస్ రిమోట్లు 2.4 గిగాహెర్ట్జ్ తరంగాల మీద నడుస్తాయి. ఇంట్లోని వైఫై, బ్లూటూత్‌లు కూడా ఎక్కువగా ఆ దారినే పోతాయి కాబట్టి రద్దీ ఉన్నప్పుడు కొన్ని నొక్కులు ఆలస్యంగా అందుతాయి.

రెండో ఆలస్యం డ్రైవర్ది. మామూలుగా ఎమ్యులేటర్ ఫ్రేము మొదట్లోనే బటన్లను చదివేస్తుంది. పాత ఆట కాబట్టి లెక్కంతా రెండు మూడు మిల్లీసెకన్లలో అయిపోతుంది. మిగతా సమయమంతా తలుపులు మూసుకుని, బయల్దేరే వేళ కోసం ఊరికే కూర్చుంటుంది. ఆ మధ్యలో వచ్చిన ప్రయాణికుడు బయటే ఉండిపోతాడు. 'ఫ్రేమ్ డిలే' అనే సెట్టింగ్ ఈ పద్ధతిని తిరగేస్తుంది. ముందు 10 మిల్లీసెకన్లు తలుపులు తెరిచి ఉంచి, ఆఖరున బటన్లు చదివి, గబగబా లెక్క ముగించి బస్సును వేళకు కదిలిస్తుంది. చిప్పుకు ఓపిక ఉన్నంత వరకే ఈ సంఖ్యను పెంచుకోవచ్చు. మితిమీరితే బస్సే తప్పిపోయి ఆట ఎగుడుదిగుడుగా నడుస్తుంది.

మూడోది, ముందు బారులు తీరిన బస్సులు. బొమ్మలు గీసే గ్రాఫిక్స్ చిప్పు ఎప్పుడూ ఖాళీగా ఉండకూడదని దాని డ్రైవర్ సాఫ్ట్‌వేర్ కొన్ని ఫ్రేములను ముందే వరసలో పెడుతుంది. విండోస్‌లో ఈ వరస మామూలుగా 3 ఫ్రేముల దాకా ఉండొచ్చు. అంటే మీ బస్సు నిండినా ముందున్న మూడూ కదిలే దాకా కదలదు. 50 మిల్లీసెకన్లు ఇక్కడే పోతాయి. రెట్రోఆర్క్ అనే ఎమ్యులేటర్ సాఫ్ట్‌వేర్‌లో 'హార్డ్ జీపీయూ సింక్' సెట్టింగ్ చేసేది ఈ బారును తెగ్గొట్టడమే. ఎన్‌విడియా 2019లో తన గ్రాఫిక్స్ కార్డులకు తెచ్చిన 'లో లేటెన్సీ మోడ్' ఉద్దేశం కూడా అదే.

అన్నిటి కన్నా పెద్ద ఆలస్యం మాత్రం దిగే చోట ఉంటుంది. అది టీవీ. బొమ్మ చేతికందగానే టీవీ దానికి రంగులు దిద్దుతుంది, మరకలు తుడుస్తుంది, చిన్న బొమ్మను పెద్ద తెరకు సాగదీస్తుంది. క్రికెట్‌లో బంతి నున్నగా దొర్లినట్టు కనిపించాలని రెండు ఫ్రేముల మధ్య ఇంకో ఫ్రేమును తనే కల్పించి పెడుతుంది. మధ్య బొమ్మను ఊహించాలంటే తరవాతి బొమ్మ వచ్చే దాకా ఆగక తప్పదు కదా! సీరియల్ చూసేవాళ్లకు దీంతో నష్టం లేదు, బొమ్మతో పాటు మాట కూడా ఆగుతుంది. ఆడేవాళ్లకే చేటు. ఇలా సింగారించే మోడ్‌లో 100 మిల్లీసెకన్లు దాటే టీవీలూ ఉన్నాయి. అదే టీవీని గేమ్ మోడ్‌లోకి మారిస్తే సింగారం మానేసి 10 నుంచి 20 మిల్లీసెకన్లలో బొమ్మ చూపించేవి చాలా ఉన్నాయి.

చెవికీ వాటా ఉంది. శబ్దం తెగకుండా ఉండాలని ఎమ్యులేటర్ కొంత ధ్వనిని ముందే నిలవ చేస్తుంది. రెట్రోఆర్క్‌లో ఈ నిలవ మామూలుగా 64 మిల్లీసెకన్లు. దాన్ని 32కు తగ్గించి చూడొచ్చు, గరగర వస్తే కొంచెం పెంచాలి. బ్లూటూత్ సౌండ్‌బార్ తగిలిస్తే మాత్రం 150 మిల్లీసెకన్ల పైన అదనంగా పడటం మామూలే. దుంకిన చప్పుడు దుంకడం అయిపోయాక వినిపిస్తే చెయ్యి కూడా తడబడుతుంది.

రాబోయే ఫ్రేమును ముందే చూపించే విద్య

ఇంతవరకూ చెప్పుకున్నదంతా దారిలో పోయిన సమయాన్ని మిగుల్చుకోవడం. 2018లో రెట్రోఆర్క్‌లోకి వచ్చిన 'రన్-అహెడ్' దీన్ని మించిన పని చేసింది. అసలు యంత్రంలోనే ఉన్న ఆలస్యాన్ని కూడా కోసేసింది.

చాలా పాత ఆటలు బటన్‌ను ఈ ఫ్రేములో చదివి, దాని ఫలితాన్ని తరవాతి ఫ్రేములోనో ఆ పై ఫ్రేములోనో చూపిస్తాయి. ప్రోగ్రాం రాసిన తీరే అంత. అసలు కేసెట్, అసలు టీవీ మీద ఆడినా ఈ ఒకటి రెండు ఫ్రేములు పోతాయి. కానీ ఎమ్యులేటర్‌కు అసలు యంత్రానికి లేని ఒక సౌకర్యం ఉంది. యంత్రం మొత్తాన్ని ఉన్నదున్నట్టు నకలు తీసుకుని, కావాలనుకున్నప్పుడు మళ్లీ ఆ స్థితికే వెళ్లగలదు. ఆట మధ్యలో సేవ్ చేసుకునే పద్ధతే ఇది. రన్-అహెడ్ దీన్ని సెకనుకు 60 సార్లు చేస్తుంది. మీరు బటన్ నొక్కగానే ఒక ఫ్రేమును తెర మీద చూపించకుండా నడిపిస్తుంది. ఆ స్థితిని దాచుకుంటుంది. అదే నొక్కుతో ఇంకో ఫ్రేము ముందుకు నడిపి, ఆ రాబోయే బొమ్మను మీకు చూపిస్తుంది. వెంటనే దాచుకున్న స్థితికి తిరిగొచ్చి మళ్లీ మొదలుపెడుతుంది. అసలు యంత్రం మీద తరవాతి ఫ్రేములో దుంకాల్సిన మారియో ఈ ఫ్రేములోనే దుంకుతాడు.

ఎన్ని ఫ్రేములు ముందుకు పోవాలో ఆటను బట్టి ఉంటుంది. కనుక్కోవడం తేలికే. రెట్రోఆర్క్‌లో కీబోర్డు మీద 'పి' నొక్కితే ఆట ఆగుతుంది. దుంకే బటన్‌ను నొక్కి పట్టి 'కె' కొడుతూ పోతే ఒక్కో ఫ్రేమే కదులుతుంది. మారియో కదలక ముందు ఎన్ని ఫ్రేములు ఖాళీగా పోయాయో రన్-అహెడ్ సంఖ్య అంతే. ఆశకు పోయి ఎక్కువ పెడితే దుంకే తొలి బొమ్మలు మాయమై మనిషి గాల్లో ప్రత్యక్షమవుతాడు. ఒకే ఫ్రేము కోసం రెండు మూడు రెట్ల లెక్క చేయాలి కాబట్టి చౌక స్టిక్కుల్లోని చిప్పులు దీనికి ఆయాసపడతాయి. ఆ భారం తగ్గించడానికి 2023లో 'ప్రిఎంప్టివ్ ఫ్రేమ్స్' అనే పద్ధతి వచ్చింది. బటన్ల స్థితి మారినప్పుడు మాత్రమే వెనక్కి వెళ్లి లెక్క సరిచేస్తుంది, మారనప్పుడు ఊరికే ఉంటుంది.

ఈ ఆలోచనకు అన్న లాంటిది 2006లోనే పుట్టింది. అమెరికాలో ఫైటింగ్ ఆటల పోటీలు నడిపే టోనీ కానన్, ఇద్దరు దూరదూరాన కూర్చుని ఆడినా చేతికి తేడా తెలియకూడదని జీజీపీఓ అనే పద్ధతిని తయారుచేశాడు. అవతలివాడి నొక్కు వచ్చే దాకా ఆట ఆగదు. వాడు ఇంతకుముందు చేసిందే చేస్తున్నాడని ఊహించి ముందుకు సాగుతుంది. ఊహ తప్పిందని తెలిసిన క్షణాన వెనక్కి వెళ్లి, సరిదిద్దుకుని, మళ్లీ వర్తమానానికి వచ్చేస్తుంది. కాంతి ఫైబర్ తీగలో 1000 కిలోమీటర్లు పోవడానికి 5 మిల్లీసెకన్లు చాలు. పక్క రాష్ట్రం నుంచి సంకేతం మన ఇంటి దాకా రావడానికి పట్టే సమయం కన్నా అది మన టీవీలోంచి కంటికి చేరడానికి పట్టే సమయమే ఎక్కువ కావడం ఈ కాలపు విడ్డూరం.

హైదరాబాద్‌లో పుట్టిన ఆటల మాటేమిటి?

ఇదంతా జపాన్ ఆటల గొడవ, మనకెందుకు అనుకోనక్కర్లేదు. ప్లేస్టేషన్ కోసం పూర్తిగా భారతదేశంలోనే తయారైన తొలి ఆట పుట్టింది హైదరాబాద్‌లో. 2009లో ప్లేస్టేషన్ 2 మీద వచ్చిన 'హనుమాన్: బాయ్ వారియర్'ను ఇక్కడి అరోనా టెక్నాలజీస్ తయారుచేసింది, సోనీ విడుదల చేసింది. అదే ఏడాది హైదరాబాద్ సంస్థ గేమ్‌శాస్త్ర 'దేశీ అడ్డా: గేమ్స్ ఆఫ్ ఇండియా'ను తెచ్చింది. అందులో కబడ్డీ ఉంది, గాలిపటాలున్నాయి, మనం చిర్రగోనె అని పిలుచుకునే గిల్లీదండా ఉంది. కర్రతో చిర్రను ఎగరగొట్టి గాల్లో ఉండగా కొట్టడం – నేల మీద ఆడినా, తెర మీద ఆడినా – అంతా సమయం మీదే ఆధారపడిన పని.

సోనీ ప్లేస్టేషన్ 2 తయారీని 2013లో ఆపేసింది. డిస్కులు గీతలు పడతాయి, వాటిని చదివే లెన్సులు అరుగుతాయి. రేపు ఈ ఆటలు ఆడాలంటే మిగిలే దారి పీసీఎస్‌ఎక్స్2 లాంటి ఎమ్యులేటరే. 2000ల మొదట్లో ప్రారంభమైన ఈ ఉచిత సాఫ్ట్‌వేర్ 2.0 వెర్షన్ 2024 జులైలో వచ్చింది. అమెరికాలోని వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో చేసిన అధ్యయనం ప్రకారం 2010కి ముందు అక్కడ విడుదలైన ఆటల్లో 87 శాతం ఇప్పుడు అంగట్లో దొరకడం లేదు. అంత పెద్ద బజారులోనే ఆ పరిస్థితి ఉంటే, మన దగ్గర ఒక్కసారి వచ్చి పోయిన ఆటల గతి చెప్పనక్కర్లేదు.

మరి ప్లేస్టేషన్ 2 ఆటలకూ రన్-అహెడ్ వాడొచ్చు కదా? ఇక్కడే యంత్రం బరువు అడ్డొస్తుంది. ఫ్యామికామ్ స్థితిని నకలు తీయడమంటే కొన్ని కిలోబైట్లు, చిటికెలో పని. ప్లేస్టేషన్ 2లో ప్రధాన మెమరీయే 32 మెగాబైట్లు, బొమ్మల చిప్పుకు ఇంకో 4 మెగాబైట్లు. దాన్నంతా ప్రతి ఫ్రేముకూ దాచి, వెనక్కి తెచ్చి, ఆ పైన రెండోసారి నడపడం మామూలు కంప్యూటర్ల వల్ల అయ్యే పని కాదు. అందుకే ఇక్కడ పాత మార్గమే దిక్కు. పీసీఎస్‌ఎక్స్2లో 'ఆప్టిమల్ ఫ్రేమ్ పేసింగ్' ఆన్ చేస్తే ముందు వరసలో నిలిచే ఫ్రేములు లేకుండా పోతాయి. టీవీని గేమ్ మోడ్‌లో పెట్టి, రిమోట్‌ను వైరుతో కలిపితే మిగతాది చాలా వరకు దారికొస్తుంది.

పాత సినిమాను కాపాడామంటే రీలు శుభ్రంగా ఉంది, బొమ్మా మాటా సరిగ్గా వస్తున్నాయి అన్నమాట. ఆటకు అది చాలదు. ఆడేవాడి చేతికి అది ఎంత త్వరగా జవాబిస్తుందన్నది కూడా ఆటలో భాగమే. గుంతలూ శత్రువుల వేగమూ ఆ జవాబును నమ్ముకునే పేర్చారు. బొమ్మ దక్కి జవాబు దక్కకపోతే మిగిలేది ఆట కాదు, ఆట వీడియో.

చట్టం ఏమంటుంది?

ఎమ్యులేటర్ అనగానే పైరసీ అనుకునేవాళ్లున్నారు. రెండూ ఒకటి కాదు. ప్లేస్టేషన్‌ను అనుకరించే సాఫ్ట్‌వేర్ చేసినందుకు కనెక్టిక్స్ అనే సంస్థ మీద సోనీ వేసిన కేసులో అమెరికా అప్పీళ్ల కోర్టు 2000లో కనెక్టిక్స్ పక్షాన తీర్పిచ్చింది. ఆపిల్ కూడా 2024 ఏప్రిల్‌లో తన యాప్ స్టోర్‌లోకి పాత ఆటల ఎమ్యులేటర్లను రానిచ్చింది. అయితే 2024 మార్చిలోనే, అప్పటికి బజారులో ఉన్న నింటెండో స్విచ్ యంత్రాన్ని అనుకరించిన యుజు అనే ఎమ్యులేటర్ తయారీదార్లు ఆ సంస్థకు 24 లక్షల డాలర్లు కట్టడానికి ఒప్పుకుని దుకాణం మూసేశారు.

మన కాపీరైట్ చట్టం (1957) 52వ సెక్షన్, చట్టబద్ధంగా కొన్న ప్రోగ్రాం పోతుందేమో, పాడవుతుందేమో అని ముందుజాగ్రత్తగా నకలు పెట్టుకోవడానికి ఒప్పుకుంటుంది. హక్కులను ఉల్లంఘించే ఉద్దేశంతో రక్షణ తాళాలు పగలగొడితే మాత్రం 2012 సవరణతో వచ్చిన 65ఎ సెక్షన్ కింద 2 ఏళ్ల దాకా జైలు శిక్ష ఉంది. వేల ఆటలు నింపి చౌకగా అమ్మే స్టిక్కుల్లో ప్రతి ఆటకూ హక్కుదారు అనుమతి ఉందని నమ్మడం అమాయకత్వమే. ఎమ్యులేటర్‌ను ఉచితంగా దింపుకోవచ్చు. ఆటను మాత్రం కొని ఆడటమే దారి.

మీ ఇంట్లో ల్యాగ్ ఎంత?

కొలవడానికి కొత్తగా ఏ పరికరమూ కొనక్కర్లేదు. స్లో మోషన్‌లో సెకనుకు 240 ఫ్రేములు తీసే ఫోన్ చాలు.

• రిమోట్ మీది బొటనవేలు, వెనక టీవీ రెండూ ఒకే దృశ్యంలో పడేలా ఫోన్‌ను కదలకుండా నిలబెట్టండి.

• రికార్డింగ్ పెట్టి దుంకే బటన్‌ను పదిసార్లు, నడుమ కాస్త విరామం ఇస్తూ నొక్కండి.

• వీడియోను ఒక్కో ఫ్రేముగా జరుపుతూ, బటన్ కిందికి దిగిన చోటి నుంచి మారియో కాళ్లు నేల విడిచిన చోటి దాకా లెక్కపెట్టండి. ఆ సంఖ్యను 4.17తో గుణిస్తే మిల్లీసెకన్లు వస్తాయి.

• పదింటి సగటు తీయండి. ఒక్క నొక్కునే నమ్మొద్దు. అది బస్సు రాకకు ముందు పడిందో, తరవాత పడిందో చెప్పలేం.

సరిచేసేటప్పుడు ఈ వరస పాటించండి. మొదట టీవీలో గేమ్ మోడ్, ఖర్చు లేకుండా ఎక్కువ ఫలితమిచ్చేది ఇదే. రెండోది వైరున్న రిమోట్. మూడోది బ్లూటూత్ స్పీకర్ తీసేసి టీవీ స్పీకర్‌తో ఆడటం. ఆ తర్వాతే ఎమ్యులేటర్ సెట్టింగులు: ముందు వరసలోని ఫ్రేములు తగ్గించడం, తరవాత ఫ్రేమ్ డిలే, చివరగా రన్-అహెడ్. ఒక్కోటి మార్చాక మళ్లీ కొలవండి. అన్నీ ఒకేసారి మారిస్తే ఏ మందు పనిచేసిందో తెలియదు. కొత్త టీవీ కొనేటప్పుడు ఎన్ని అంగుళాలని అడిగాక, గేమ్ మోడ్ ఉందా అని కూడా అడగండి. స్టిక్కును వెంట తీసుకెళ్లి దుకాణంలోనే ఒకసారి ఆడి చూస్తే ఇంకా మంచిది.

ఆట వెనక చదువు

రెట్రోఆర్క్, పీసీఎస్‌ఎక్స్2, మెసెన్ – ఇవన్నీ ఓపెన్ సోర్స్. లోపల ఏం రాశారో ఎవరైనా చదవొచ్చు, మార్చొచ్చు. ఆపరేటింగ్ సిస్టమ్, కంప్యూటర్ ఆర్కిటెక్చర్, గ్రాఫిక్స్ అంటూ ఇంజినీరింగ్‌లో విడివిడిగా చదివే సబ్జెక్టులు ఎమ్యులేటర్‌లో ఒకే చోట కలుస్తాయి. కాటారానికి పొరుగునే సెంటినరీ కాలనీలో జేఎన్‌టీయూ మంథని ఇంజినీరింగ్ కళాశాల ఉంది, వరంగల్‌లో నిట్ ఉంది. అక్కడ చదివే పిల్లలకు మొదటి మెట్టుగా చిప్-8 సరిపోతుంది. 1970లలో జోసెఫ్ వైస్‌బెకర్ రూపొందించిన ఈ చిన్న ఊహా యంత్రానికి ఉన్నవి 35 ఆదేశాలు, 4 కిలోబైట్ల మెమరీ. కొద్ది రోజుల్లో దాని ఎమ్యులేటర్ రాసేయొచ్చు. అది అయ్యాక ఫ్యామికామ్, అక్కడి నుంచి ఎంత దూరమైనా.

ఇక్కడ నేర్చిన విద్య ఆటతోనే ఆగిపోదు. కళ్లకు కట్టుకునే వర్చువల్ రియాలిటీ హెడ్‌సెట్‌లో తల తిప్పాక దృశ్యం మారడానికి 20 మిల్లీసెకన్లు దాటితే కడుపులో తిప్పుతుందని ఆ రంగంలోనివాళ్లు లెక్కగట్టారు. దూరాన ఉన్న యంత్రాన్ని చేత్తో నడిపే ఏ పనిలోనైనా ఇదే లెక్క వస్తుంది. ఎంత పెద్ద చిప్పు పెట్టామన్నది కాదు, నొక్కుకూ ఫలితానికీ మధ్య ఎవరెవరు కూర్చున్నారో వెతికి పట్టుకోవడమే ఆ పనికి అసలు నైపుణ్యం. ఒక్క ఫ్రేము కోసం మారియోతో కుస్తీ పట్టిన కుర్రాడికి ఆ వెతుకులాట కొత్తగా ఎవరూ నేర్పాల్సిన అవసరం ఉండదు.